మాస్తమ్మకు ఎర్ర రంగు

పాత కోటలూ పాత గుళ్లూ చూడటమంటే నాకు పిచ్చి. చూసి ఇంటికొచ్చాక అన్నం సయించదు, అదీ నిజమే. ఆదోని కొండ మీది కోటకు ఎన్నిసార్లు ఎక్కానో నాకే గుర్తు లేదు కానీ, ఎక్కిన ప్రతిసారీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే ఎక్కాను. ద్వారం దగ్గరికి రాకముందే ఉచ్చ కంపు. ద్వారబంధానికి చెక్కిన హంసల వరుస మీద ఎవడో పాన్ నమిలి ఉమ్మి ఉంటాడు, ఒకసారి కాదు, ఏళ్ల తరబడి, పొర మీద పొర. బురుజు లోపల సీసా పెంకులు. గోడ మీద సున్నంతో గుండె బొమ్మ, దాంట్లో బాణం, అటొక పేరు ఇటొక పేరు. ఆ రాసినవాళ్లకు ఈపాటికి పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టి, ఆ పిల్లలు కూడా వచ్చి పక్కనే ఇంకో గుండె గీసిపోయి ఉంటారు. థూ, ఏం జనమో.

"నువ్వు చూసేదానికి పోతావా, తిట్టేదానికి పోతావా?" అంటారు మా ఆయన. రెండింటికీ పోతాను. తిట్టేవాళ్లు కూడా లేకపోతే ఆ రాళ్ల గతేం కావాలి?

నేను ఎమ్మిగనూరులో ఒక హైస్కూల్లో సోషల్ పాఠాలు చెబుతాను. పుట్టింది మంత్రాలయం దాపున, గుడి సేవ చేసుకుని బతికే ఇంట్లో. దీపం కుందులు తోమి, గంధం తీసి పెరిగినదాన్ని కాబట్టి నాకు దేవుడి మీద కోపమేమీ లేదు. నా కోపమంతా రంగు డబ్బాల మీద. ఉమ్మేసేవాడికి బుద్ధి లేదు, వాణ్ణి వదిలేద్దాం. భక్తితో పాడుచేసేవాళ్లను ఏమనాలి? గూడూరు వైపు ఒక ఊళ్లో నందికి బంగారు రంగు పూసి, కళ్లకు కాటుక దిద్ది, మూతికి ఎరుపు పెట్టారు. పెళ్లికూతురనుకున్నారో ఏమో. ఇంకో ఊళ్లో శాసనం చెక్కిన బండ మీద ఒకావిడ దుప్పట్లు ఉతుకుతోంది. అయ్యో, అది రాజులనాటి రాత తల్లీ అన్నాను. "అచ్చరాలుంటేనే మేడమ్ మురికి బాగా వదిలేది. నున్నటి బండ మింద యాడ పోతాది?" అని నాకే పాఠం చెప్పింది. చేతులెత్తి దండం పెట్టి వచ్చేశాను.

మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ ఒకరోజు స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర వచ్చి నిలబడింది. ఆమె ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య ఉన్న ఒక పల్లె నుంచి రోజూ బస్సులో వస్తుంది. నోట్లో నాలుక లేని మనిషి. పప్పులో ఉప్పు తక్కువైందని ఎవరైనా అంటే ఆ రోజంతా ముఖం చాటేసి తిరుగుతుంది.

"మీరు ఊరూరూ తిరిగి రాళ్లు సూస్తారంట గదా మేడమ్," అంది. "మా ఊర్లో ఒకటుండాది. ఆడమనిసి నిలబడుకోని సెయ్యి పైకెత్తుంటాది. సేతినిండా గాజులు. మాస్తమ్మ అంటాము మేము."

నేను కుర్చీలోంచి లేచాను. మాస్తి అంటే మహాసతి. భర్త చితిలో తానూ కాలిపోయిన ఆడమనిషి గుర్తుగా నిలబెట్టిన రాయి. మా వైపు పొలాల్లో ఇట్లాంటివి అక్కడక్కడా ఉన్నాయి గానీ, నేను చూసినవన్నీ ఒకటి పగిలినదో, ఒకటి బర్రెను కట్టేసే గుంజ అయినదో, లేకపోతే డబ్బాల కొద్దీ రంగు తాగినదో. ఉలి దెబ్బ కనిపించే మాస్తిరాయిని ఒక్కదాన్నైనా చూడాలని ఏళ్లుగా ఆశ.

"రంగు వేయలేదు గదా దానికి?" అని మొట్టమొదట అదే అడిగాను.

"యా రంగు మేడమ్, మొండిరాయి. నూనె పెట్టీ పెట్టీ నల్లగయ్యిండాది అంతే. జాతరకు రండి, సూపిస్తా. మా పాపకు పువ్వు అడిగేది కూడా ఆ పొద్దే."

పువ్వు అడగడమేమిటని అడిగితే అప్పుడు చెప్పింది కథంతా. ఆమెకు ఒక్కతే కూతురు. వానల్లేని ఏడు మా వైపు పల్లెలకు పల్లెలే గుంటూరు వైపు కూలికి పోతాయి, దాన్ని సుగ్గికి పోవడం అంటాం. అల్లుడు అట్లాగే సుగ్గికి పోయి, మిరపకాయ కోతల్లో ఎండదెబ్బ తగిలి పోయాడు. పెళ్లయిన సంబరం కూడా తీరలేదు. పిల్ల అమ్మ దగ్గరికి వచ్చేసి పత్తి ఏరే పనికి పోతోంది. ఇప్పుడు పత్తికొండ మార్కెట్‌కు టమాటాలు తోలే ఆటో అతను ఆ పిల్లను చేసుకుంటానన్నాడు. పిల్లకూ ఇష్టమే. అడ్డమల్లా ఒక్కటే. ఆ ఊళ్లో మొగుడు పోయిన ఆడది రెండో మనువు చేసుకోవాలంటే మాస్తమ్మ ఒప్పుకోవాలి.

ఎట్లా ఒప్పుకుంటుందీ అంటే, జాతర రోజు తడిపిన చామంతులు రెండు తెచ్చి, రాతి బొమ్మ కుడి భుజానికి ఒకటి, ఎడమ భుజానికి ఒకటి అద్దుతారు. తడి ఆరేకొద్దీ పువ్వు జారుతుంది. కుడిది ముందు పడితే సరేనన్నట్టు, ఎడమది ముందు పడితే వద్దన్నట్టు. ఆటో అతని ఇంటి పెద్దలు పువ్వు వస్తేనే మాట ఖాయం అన్నారట. ఈ జాతరకు పువ్వు రాకపోతే మళ్లీ జాతర దాకా అడగరాదు. అంతదాకా వాళ్లు ఆగరు, వేరే సంబంధం చూస్తారు.

ఒళ్లు మండిపోయింది నాకు. మొగుడితో పాటు కాలిపోయినదాన్ని పట్టుకుని అడగాలట, మొగుడు పోయినదాన్ని బతకనిస్తావా తల్లీ అని! "అసలు ఆమె ఎవరో తెలుసా మీకు?" అన్నాను కాస్త గట్టిగానే.

"దేవత మేడమ్," అంది ఆవిడ అమాయకంగా. "మా పాప కోసం ఆమెకు ఏమన్నా సెయ్యాలని మొక్కుకోనుండా. ఏం సెయ్యాలనేదే ఇంగా తోసల్యా."

జాతర రోజు బడికి సెలవు పెట్టి బయలుదేరాను. "రాయి చూసి రా, ఊరితో తగాదా పెట్టుకుని రాకు," అని మా ఆయన గుమ్మంలోంచి హెచ్చరించారు. బస్సు దిగి షేర్ ఆటో ఎక్కి, పత్తి చేల నడుమ గతుకుల దారిన పోతున్నంతసేపూ ఆ నల్లరాయినే తలుచుకున్నాను. నూనె కింద చెక్కడం చెడిపోయి ఉండదు, పైగా ఆ నూనే దాన్ని కాపాడి ఉంటుంది కూడా. ఫోన్ నిండా చార్జింగ్ పెట్టుకున్నాను, ఫొటోలు తీసుకోవాలని.

దిగి చూద్దును గదా, రాయి ఎక్కడుంది? ఎర్రటి ఎనామిల్ రంగు పూసిన ఒక ఆకారం తళతళలాడుతూ నిలబడి ఉంది. ముఖం పసుపు. కనుబొమలు నల్లగా, చెవుల దాకా. గాజులు ఒక్కొక్కటీ ఆకుపచ్చ. చీర అంచు అని చెప్పి వెండి రంగు చారలు. పైకెత్తిన అరచేతిలో ఎవరో ఎంతో ఓపికగా చెక్కిన నిమ్మపండుంది, దాన్ని కూడా వదల్లేదు, బంతిలాగా పసుపు పూసిపెట్టారు. చుట్టూ నేలకు, వెనక గోడకు టైల్స్. ఏ టైల్స్ అనుకున్నారు, స్నానాల గదికి వేసే నీలం పువ్వుల టైల్స్. అమ్మవారిని బాత్రూంలో నిలబెట్టినట్టు ఉంది నాకు. ముందు సాంబ్రాణి పొగ, కొబ్బరి పీచు, పగిలిన కాయల నీళ్లు పులిసిన వాసన, వాటి మీద ఈగలు. అన్నిటినీ మించి పెయింటు కంపు.

మా వంటావిడ పరుగున వచ్చింది, కొత్త చీర కట్టుకుని. ముఖం వెలిగిపోతోంది.

"ఎట్లుండాది మేడమ్? నేనే ఏయించినా!"

"నువ్వా?"

"ఔ. రంగు ఏయించినోళ్లకే మొదటి పువ్వంట. పూజారి తాత సెప్పినాడు. మొదట అడిగితే అమ్మ ఓపిగ్గా ఇంటాది, అందరూ అడిగి అడిగి యిసిగించినాంక అడిగితే ఏం పలుకుతాది? బోర్లలో నీళ్లు పడతాయా అని అడిగేటోళ్లే శానామంది ఉండారు. అందుకే ఆదోని నుంచి మంచి కంపెనీ డబ్బాలు తెప్పించి, పెయింటర్‌ను పిలిపించినా. నిన్న పొద్దుగూకేదాకా ఏస్తానే ఉన్నాడు."

తిట్టడానికి నోరు తెరిచినదాన్ని, ఆ ముఖం చూసి మూసుకున్నాను. ఒక తల్లి తన కూతురికి మొదటి వరుసలో చోటు సంపాదించుకుని వచ్చింది. ఆమెతో ఏమనాలి, నువ్వు ఒక చరిత్రను చంపావు అని చెప్పాలా? ఉత్తినే చెయ్యి చాపి ఆ ఎత్తిన చేతి గాజుల మీద వేలు పెట్టాను. వేలికి జిగురుగా తగిలింది. తీసి చూస్తే కొసన పచ్చరంగు.

"ఇంకా ఆరలేదే?"

"ఎండకు ఆరిపోతాదిలే మేడమ్," అంది.

కూతురు ఏదని అడిగితే దూరంగా చూపించింది. టైల్స్ పరిచిన చోటికి ముత్తైదువలే రావాలి, మొగుడు పోయినవాళ్లు అవతలే నిలబడాలి. ఆ పిల్ల ట్రాక్టర్ ట్రాలీ నీడన కూర్చుని ఉంది. తన బతుకు తేల్చే పువ్వును తనే దగ్గరుండి చూడకూడదన్నమాట. పెళ్లి ఎవరిది, అడిగేది ఎవరు, అడిగించుకునేది ఎవరు, ఛీ ఛీ. నేను పోయి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. బోసి చేతులు, నూనె రాసి బిగించి వేసుకున్న జడ. ఎండిన పత్తికాయల పెచ్చులు గీరుకుని వేళ్ల కొసలన్నీ పగిలి ఉన్నాయి.

"అతను నీకు ఇష్టమేనా?" అన్నాను. ఇట్లాంటివి సూటిగా అడగకూడదని నాకు తెలుసు, నా నోరు అట్లాంటిది మరి.

"ఇష్టమే మేడమ్," అంది ఆ పిల్ల అంతే సూటిగా. "సేన్లోకి టమాటాలకు వచ్చినప్పుడు మాట్లాడతాడు. అన్నం తిన్యావా అని అడుగుతాడు. మా ఆయన పొయ్యినాంక నన్ను ఆ మాట అడిగినోళ్లు మా అమ్మ దప్ప ఎవురూ లేరు." కాస్త ఆగి, "ఈ పొద్దు పువ్వు రాకపోతే మాత్రం ఇంగ లేదు. వాళ్ల సిన్నాయన వచ్చిండాడు సూడండి, ఆయన పోయి ఏం సెప్తే అదే," అంది.

చూశాను. తెల్లపంచె పెద్దమనిషి ఒకాయన కుర్చీ వేయించుకుని కూర్చుని, ఫోన్‌లో వీడియోలు చూసుకుంటున్నాడు. చెవుల్లోంచి వెంట్రుకలు. కాఫీ ఇస్తే తాగి గ్లాసు అక్కడే టైల్స్ మీద పెట్టాడు.

డప్పులు ఆగాయి. పూజారి తాత అమ్మ కథ ఎత్తుకున్నాడు. మొగుడు దండులో చచ్చిపోయినాడని కబురొచ్చే సరికి ఆయమ్మకు పెళ్లి పసుపు కూడా ఆరలేదంట. ఏడవలేదంట, ఎవరాపినా ఆగలేదంట, నవ్వుకుంటా పోయి మంటలో కూసున్నిందంట. ఒళ్లంతా కాలినా దీవించే సెయ్యి మాత్రం కాలలేదంట. జనమంతా చెంపలేసుకున్నారు. నవ్వుకుంటా పోయిందట! ఎవడు చూశాడు? చూసినవాళ్లలో ఒక్కడు కూడా లాగి పక్కన పడేయలేదా? మంట చుట్టూ డప్పులు వాయించేది దేనికో నాకు తెలుసు, అరుపులు బయటికి వినపడకుండా. పక్కన కూర్చున్న పిల్ల తలవంచుకుని వింటోంది.

పూజారి చామంతులు రెండు చెంబులో ముంచి, కళ్లకద్దుకుని, కుడి భుజాన ఒకటి, ఎడమ భుజాన ఒకటి అద్ది నొక్కాడు. మా వంటావిడ మోకాళ్ల మీద కూర్చుని కొంగు పరిచింది. "తల్లీ, నా బిడ్డ ఇంగా సిన్నది. నేను పోతే ఎవురుండారు దానికి? కుడి పువ్వియ్యి తల్లీ," అని పైకే మొక్కుకుంటోంది.

పువ్వులు పడలేదు.

కాసేపటికి ఎవరో దగ్గారు. ఎవరో చంటిపిల్లకు పాలిచ్చారు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. పువ్వుల రేకులు వాడి ముడుచుకుంటున్నాయి గానీ రెండూ ఉన్నచోటనే ఉన్నాయి. మామూలుగా అయితే ఈపాటికి ఏదో ఒకటి రాలి ఉండాలని వెనక ముసలివాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. బోరు సంగతి అడగడానికి వచ్చినాయన, "బిన్నా కానీయండప్పా, మాకూ పన్లుండాయి," అన్నాడు. మా వంటావిడ కొంగు అట్లాగే పరిచి పట్టుకుని ఉంది. నాకు అప్పటికి వెలిగింది. వేలికి అంటిన పచ్చరంగు ఇంకా పోలేదు, కడిగినా పోలేదు. ఆ పువ్వు పడితే ఎట్లా పడుతుంది? జిగురులో నొక్కిపెట్టారు దాన్ని!

పూజారి దగ్గరికి పోయి వంగి చూశాడు, తల ఊపాడు. "అమ్మ పట్టుకోనుండాది. కుడిదీ ఇడవల్యా, ఎడందీ ఇడవల్యా. ఒప్పుకోల్యా అమ్మ."

"అమ్మ కాదయ్యా, పెయింటు!" అని నేను అరిచాను. ఊరంతా నా వైపు తిరిగింది. "పెయింటు ఆరలేదు, పువ్వు దానికి అతుక్కుంది! కావాలంటే వేలు పెట్టి చూడు. ఆరాక రేపు అడగండి, ఎల్లుండి అడగండి. దీనికోసం ఒక ఆడపిల్ల బతుకు ఆపుతారా?"

పూజారికి కోపం కూడా రాలేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు నిమ్మళంగా చెప్పాడు. "సరేలేమ్మా, ఆరలేదు. ఆరనీకుండా సేసింది ఎవురు? జాతరకు ముందురోజే రంగు ఏయించాలని ఈ యమ్మకు బుద్ధి పుట్టించింది ఎవురు? అంతా అమ్మే గదా."

"టీచరమ్మా, మీ బడి కాదిది, గమ్మునుండు," అని ఎవరో వెనక నుంచి అన్నారు. నవ్వులు వినపడ్డాయి. ఏం జరిగినా అమ్మే చేసిందంటే ఇంక మాట్లాడేదేముంది? నోరున్నందుకు నా మీద నాకే రోత పుట్టింది. తెల్లపంచె పెద్దమనిషి ఫోన్ జేబులో పెట్టుకుని, లేచి పంచె దులుపుకున్నాడు. "అమ్మ మాటకు ఎదురేముండాది. మేము వేరే యాడన్నా సూసుకుంటాము," అన్నాడు, టమాటాల బేరం కుదరనట్టు. అప్పుడు మా వంటావిడ పెట్టిన ఏడుపు వినాల్సింది. "నేనే సేసుకుంటినే, నా సేతులారా నేనే సేసుకుంటినే," అని రొమ్ము బాదుకుంది.

ఎప్పుడు లేచి వచ్చిందో, ఆ పిల్ల టైల్స్ మీద కాలు పెట్టింది. ఆడవాళ్లు కొందరు అయ్యయ్యో అని వెనక్కి జరిగారు. ఒక ముసలామె చెయ్యి పట్టుకోబోయింది, విదిలించుకుంది. తిన్నగా రాయి దగ్గరికి పోయి ముఖంలో ముఖం పెట్టి నిలబడింది. నాకు వాళ్లిద్దరూ ఒకే ఎత్తు ఉన్నట్టు కనిపించారు.

"నిన్ను సితికాడికి తోడుకపోయినప్పుడు ఎవురన్నా పువ్వు అడిగినారా అక్కా?" అంది.

ఊళ్లో అందరూ ఆమెను అమ్మా అనే పిలుస్తారు. అక్కా అన్నవాళ్లను ఆ రోజు తప్ప నేను వినలేదు. ఆ పిల్ల కుడి భుజాన ఉన్న చామంతిని గోటితో గీకి పెరికింది. ఎర్రరంగు కూడా తోలు మాదిరి సాగి ఊడి వచ్చింది. కింద నల్లటి రాయి బయటపడింది, ఉలి గాట్లతో సహా. నేను అన్నాళ్లూ చూడాలనుకున్నది అదే, కానీ ఆ క్షణాన దాన్ని చూడబుద్ధి కాలేదు. ఆ పిల్ల పువ్వును జడలో తురుముకుని, ఎవరి వైపూ చూడకుండా దారి పట్టింది.

అపచారమని కేకలు. మా వంటావిడ రాతి కాళ్ల మీద పడి చెంపలు వాయించుకుంటూ, "బుద్ధి లేనిది తల్లీ, సిన్నపిల్ల తల్లీ," అని వేడుకుంటోంది. చెంపలనిండా ఎర్రరంగు. ఆమెను లేపే ధైర్యం నాకు లేకపోయింది. నేను సంచి తీసుకుని పిల్ల వెనకాల నడిచాను. బస్టాపు అరుగు మీద కూర్చున్నాక ఆ పిల్ల రవికలోంచి ఫోన్ తీసి చేసింది.

"పువ్వు పడల్యా," అంది. "నేనే తీసుకున్యా. వస్తావా రావా, సెప్పు."

అవతల ఏమన్నాడో నాకు వినపడలేదు. ఫోన్ పెట్టేసి, "వస్తాండాడంట మేడమ్," అని చెప్పి అప్పుడు ఏడ్చింది. వచ్చాడు కూడా, వెనకాల ఖాళీ క్రేట్లు దడదడలాడే ఆటో వేసుకుని. నలిగిన టమాటాల పులిసిన వాసన. ఆ రోజు పొద్దుటి నుంచి అన్ని వాసనలకూ ముఖం చిట్లించినదాన్ని, దానికి మాత్రం ఏమీ అనుకోలేదు. అతను జడలోని పువ్వును, దాని తొడిమకు అంటిన రంగును చూశాడు గానీ, అదేమిటని అడగలేదు. "అన్నం తిన్యావా?" అన్నాడు.

చిన్నాయన మాట కాదని వాళ్లు పత్తికొండలో కాపురం పెట్టారు. ఊరు ఆ పిల్లను రానివ్వలేదు. తల్లి కూడా చూడటానికి పోలేదు.

మా వంటావిడ కొన్నాళ్లు బడికి రాలేదు. వచ్చాక కూడా నా ముఖం చూడలేదు. ఒకరోజు వంటగది వైపు పోతే, వంగి బియ్యం కడుగుతోంది. గోళ్ల సందుల్లో ఎర్రరంగు. నాకు అర్థమైపోయింది.

"మళ్లీ వేశావా రంగు?"

"ఏస్తి మేడమ్," అంది తలెత్తకుండా. "గీరిన తావు అట్లనే పెడితే ఆమెకు కోపమొచ్చి, ఆడుండే నా పిల్లకు ఏమన్నా అయితే? పెయింటర్ రానన్యాడు. నేనే ఏసుకున్యా."

ఇంక ఆగలేకపోయాను. "నీకు సిగ్గు లేదా? నీ బిడ్డ బతుకు బుగ్గి కాబోయిందే ఆ రంగుతో! ఆ పిల్లకు నోరు లేకపోయుంటే ఈపాటికి ఇంకా ట్రాలీ నీడన కూర్చుని ఉండేది. ఆ రాయి ముఖాన మళ్లీ అదే పూస్తావా? ఒక్కరైనా బుద్ధి తెచ్చుకోరా మీ ఊళ్లో?" ఇంకా చాలా అన్నాను. పిల్లలు తరగతుల్లోంచి తొంగిచూశారు. ఆవిడ గింజ పోకుండా అరచెయ్యి అడ్డం పెట్టి బియ్యపు నీళ్లు వంచుతూ అన్నీ విన్నది.

"తెలుసు మేడమ్," అంది చివరికి. "అందుకే ఏసినాంక ఆరేదాకా ఆడనే కూసున్యా. తుగ్గలి నుంచి ఒకాయమ్మ కూతుర్ని పిలుసుకోని వచ్చింది. ఆ పిల్లకూ మొగుడు లేడు. ఆయమ్మ మా పూజారి తాత కాళ్లు పట్టుకోని, జాతర కాకున్నా ఈ ఒక్కసారి అడగనీయండని బతిమాలుకుంటే సరేనన్యాడు. నేను అడ్డం పడుకున్యా. ఆరనీయండమ్మా, ఆరేదాకా ఎవురూ ఏమీ అడగొద్దండి అని. తిట్టినారు. అయినా లెయ్యల్యా. తట్టి సూసి, తట్టి సూసి, సేతికి అంటకుండా అయినాంకనే ఇడిసినా."

ఆమె కడిగిన బియ్యం ఎసట్లో పోసి మూత పెట్టింది.

"బియ్యం కడిగినంత సేపు గూడా పట్టలేదు మేడమ్," అంది. "కుడిదే పడింది."